నాంపల్లి దాకా డబల్ డెక్కర్

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటాక వచ్చే సందుల్లో ఒకదానిలో, ఓ పాత కాంప్లెక్సు మెట్ల కింద విజయేందర్ దుకాణం ఉంది. లోపల ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడే మాట్లాడాలి. టీవీ రిమోట్లు, అడాప్టర్లు, పిల్లల బ్యాటరీ కార్లు, పాడైపోయిన స్పీకర్లు బాగుచేస్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకుని, మెడ వంచుకుని, టంకం వేస్తూ కనిపిస్తాడు.

ఒకప్పుడు ఆయన అదే కాంప్లెక్సులో పై అంతస్తులో ఉండేవాడు. తొంభై మూడులో అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని, నాలుగు కలర్ టీవీలు పెట్టి, వాటికి నాలుగు టీవీ గేము సెట్లు తగిలించాడు. ఆ ఆటలు నల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చేవి. వాటిని ఊరంతా క్యాసెట్లనే పిలిచేది. డబ్బాను సెట్టులో గుచ్చి మీట నొక్కితే టీవీలో బొమ్మలు గెంతేవి, కాల్చుకునేవి, గోడలు దూకేవి. సాయంత్రం నాలుగైతే చాలు, గది ముందు చెప్పులు గుట్టలు పడేవి. నిజాం కాలేజీ కుర్రాళ్ళు, సుల్తాన్ బజార్ బట్టల కొట్ల సేల్స్‌మెన్లు, కోఠిలో పుస్తకాలు అమ్మేవాళ్ళు, అందరూ అక్కడే. సెట్టు పాడైతే విజయేందరే విప్పి బాగుచేసేవాడు. అలా చేస్తూ చేస్తూ దాని పేగులన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి.

తరవాత ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి, ఆపైన చేతిలోకి ఫోన్లు వచ్చాయి. పై గది పోయి మెట్ల కింది కొట్టు మిగిలింది. ఆయన దాని గురించి ఎవరితోనూ వాపోలేదు. కాని ఎవరన్నా చెత్తలో వేయబోతున్న పాత సెట్టు కనిపిస్తే మాత్రం అడిగి తెచ్చుకునేవాడు. ఇంట్లో మంచం కింద అట్లాంటివి పదకొండు ఉన్నాయి. భార్య ప్రభావతి ఊడ్చేటప్పుడల్లా వాటిని ఇవతలికి లాగి, ఊడ్చి, మళ్ళీ లోపలికి తోసేది.

లాక్‌డౌన్‌లో దుకాణం మూతబడ్డప్పుడు విజయేందర్‌కు కొత్త సంగతి ఒకటి తెలిసింది. ఆ పాత సెట్లకు కొత్త ఆటలు రాసేవాళ్ళు ప్రపంచంలో ఇంకా ఉన్నారట. ముప్ఫై ఐదేళ్ళ కిందటి యంత్రం, దాని చిప్పుకు తప్ప ఇంకెవరికీ అర్థంకాని భాష. అయినా పట్టుబట్టి రాస్తున్నారు, ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఆయన ఇంటర్‌తో చదువు ఆపేసిన మనిషి. ఇంగ్లీషు పాఠాలు ఒక్కో వాక్యం నాలుగుసార్లు చదివేవాడు. రెండు నెలలు కుస్తీపట్టాక టీవీలో నల్లటి తెర మీద ఒక తెల్ల చుక్క పుట్టింది. బాణం మీట నొక్కితే అది కుడికి జరిగింది.

"ప్రభా, జర ఇటు రా! జూడు!"

ప్రభావతి చూసింది. "గీ చుక్క కోసమా, రెండు నెలల సంది తిండి మీద ధ్యాస లేకుంట కూసున్నవ్?"

"చుక్క కాదే. నేను చెప్పినట్టు నడుస్తున్నది. ఇన్నేండ్లు వేరేటోళ్ళు చెప్పినట్టు నడిచింది."

ఆ చుక్కే తరవాత గాలిపటం అయింది. గాలిపటాల ఆటను ప్రభావతి ఒక్కతే ఆడింది, రెండుసార్లు ఆడి పక్కన పెట్టేసింది. అక్కడితో ఆ ముచ్చట తీరిపోయేదే.

మూడేళ్ళ తరవాత, ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ముప్ఫై దాటిన ఒక అమ్మాయి చేతిసంచీతో దుకాణం ముందుకు వచ్చింది. సంచీలోంచి పాత టీవీ గేము తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది బాగవుతుందా అంకుల్? ఎక్కడ అడిగినా నవ్వుతున్నారు."

విజయేందర్ సెట్టును తిప్పి చూశాడు. అడుగున తన చేతిరాతతో ఒక చీటీ. తొంభై ఆరులో ఆయన అమ్మిన సరుకే.

"ఎవరిదమ్మా ఇది?"

"మా నాన్నగారిది. బుచ్చిబాబు అని, ఆర్టీసీలో చేసేవారు."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "కండక్టర్ సాబ్ బిడ్డవా నువ్వు?"

బుచ్చిబాబును ఆ గదికి వచ్చినవాళ్ళెవరూ మర్చిపోలేరు. డబల్ డెక్కర్ మీద కండక్టరు. వాళ్ళ నాన్న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ ఏడు తెనాలి నుంచి సచివాలయంలో గుమస్తాగా వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డాడు. బుచ్చిబాబు డ్యూటీ దిగాక ఖాకీ బట్టలతోనే మెట్లెక్కి వచ్చేవాడు. టిక్కెట్ల సంచీ భుజానే ఉండేది. ఆటలో కుర్రాళ్ళు రెండు వారాల్లో దాటలేని మెట్టును ఆయన ఒకే విడతలో దాటేవాడు. వెనక పదిమంది మూగేవారు. గెలవగానే లేచి, "రైట్ రైట్!" అని అరిచి వెళ్ళిపోయేవాడు.

"ఎట్లున్నరు నాన్న?"

ఆ అమ్మాయి పేరు హైందవి. కిందటి దసరా ముందు నాన్నకు పక్షవాతం వచ్చిందని చెప్పింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంచెం తిరుగుతోంది, చెయ్యి లేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పింది అర్థమవుతుంది గాని, తాను అనుకున్న మాట నోటికి రాదు. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, కోపం తెచ్చుకుని, గోడ వైపు తిరిగిపోతారు. వారం కిందట అటక సర్దుతుంటే ఈ సెట్టు బయటపడింది. ఆరు నెలల్లో మొదటిసారి ఆయన ముఖం వెలిగింది, ఎడం చేత్తో దాన్ని చూపించి ఏదో అడగబోయారు. తగిలిస్తే బొమ్మ రాలేదు.

సెట్టుకు పెద్ద జబ్బేమీ లేదు. క్యాసెట్ గుచ్చే చోట రాగి పళ్ళు నల్లబడ్డాయి. విజయేందర్ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, అడాప్టర్ మార్చాడు. "నేనే తీస్కొస్త ఇంటికి. ఆయన్ను జూడాలె" అన్నాడు.

మరుసటి ఆదివారం నాంపల్లి స్టేషన్ వెనక వాళ్ళింటికి వెళ్ళాడు. బుచ్చిబాబు చిక్కిపోయి, తలుపు పక్క కుర్చీలో ఉన్నాడు. విజయేందర్‌ను చూసి గుర్తుపట్టాడు. పెదవులు కదిలాయి. ఏ మాటా రాలేదు. ఎడం చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుని వదల్లేదు.

టీవీలో బొమ్మ వచ్చింది, పాత సంగీతం మొదలైంది. హైందవి ఆట ప్యాడును తండ్రి ఒళ్ళో పెట్టింది. ఎడమ బొటనవేలు బాణాల మీట మీదకు దానంతటదే వెళ్ళింది, నిన్న వదిలిపెట్టినట్టు. బొమ్మ పరుగెత్తింది. మొదటి గొయ్యి వచ్చింది. గొయ్యి దూకాలంటే కుడి వైపు మీట నొక్కాలి. బొమ్మ గోతిలో పడింది. మళ్ళీ పడింది, మూడోసారీ పడింది. బుచ్చిబాబు ప్యాడును నేలకేసి కొట్టి గోడ వైపు తిరిగాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న బుచ్చిబాబు భార్య కోటేశ్వరమ్మ ప్యాడు తీసి విజయేందర్ చేతికిచ్చింది. "తీసుకుపో నాయనా. ఏం చెయ్యలేకపోతున్నారో మళ్ళీ ఓసారి చూపించినట్టయింది."

ఆ మాట విజయేందర్‌ను వెంటాడింది. స్టేషన్ రోడ్డు మీద నడుస్తుంటే ఎప్పటిదో సంగతి గుర్తొచ్చింది. ఒకసారి వాన పడుతూ గది ఖాళీగా ఉన్నప్పుడు బుచ్చిబాబు అన్నాడు: "ఇవన్నీ జపాన్ వాళ్ళ కొండలూ కోటలూనయ్యా. మన ఊళ్ళో ఆట ఒక్కటీ లేదు. నా బస్సు పెట్టి ఓ ఆట చెయ్యరాదూ?" అప్పుడిద్దరూ నవ్వుకున్నారు. ఆటలు చేసేవాళ్ళు ఎక్కడో వేరే లోకంలో ఉంటారన్నట్టు నవ్వుకున్నారు.

ఇంటికి పోగానే ప్రభావతితో అన్నాడు: "ఒక్క చేత్తోని ఆడే ఆట చేస్త. ఎడమ చెయ్యి చాలు. డబల్ డెక్కర్ బస్సు. అఫ్జల్‌గంజ్‌ల ఎక్కి నాంపల్లిల దిగుడు."

"బొమ్మలెవరు గీస్తరు? నీ గాలిపటం చేపలెక్క ఉండె."

ప్రభావతికి సుల్తాన్ బజార్‌లో చిన్న కుట్టుపని దుకాణం ఉంది. చీరలకు ఫాల్సు కుట్టడం, గళ్ళు గళ్ళుగా నేసిన దోసూతీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ పనీ. క్రాస్ స్టిచ్‌కు నమూనాలు గళ్ళ కాగితం మీద గీస్తుంది. ఒక్కో గడి ఒక్కో కుట్టు. ఈ సెట్టులో బొమ్మా అంతే. ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది గళ్ళు నిలువు, మూడు రంగులు. పెద్ద బొమ్మ కావాలంటే అలాంటివి పక్కపక్కన పేర్చాలి. భర్త ఆ లెక్క చెప్పేసరికి ఆమె నవ్వింది. "గింతేనా? నెమలికి నేను పద్నాలుగు రంగులు వాడుత." ఒక మధ్యాహ్నంలో ఎర్ర బస్సు గీసిచ్చింది. పై అంతస్తు కిటికీలో జడ వేసుకున్న ఒక పిల్ల కూడా ఉంది.

అసలు చిక్కు బస్టాపు దగ్గర వచ్చింది. ఆ యంత్రం ఒకే వరసలో ఎనిమిది కదిలే బొమ్మల కన్నా ఎక్కువ చూపించలేదు. తొమ్మిదోది మాయమైపోతుంది. బస్సు ఒక్కటే నాలుగు బొమ్మల వెడల్పు. మిగిలింది నలుగురు మనుషులు.

"ఆబిడ్స్ బస్టాప్‌ల నలుగురేనా?" అంది ప్రభావతి. "జూసినోళ్ళు కర్ఫ్యూ అనుకుంటరు."

రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాడు. చివరికి దుకాణంలో కూర్చుని రోడ్డు మీది జనాన్ని చూస్తుంటే తోచింది. గుంపులో అందరూ కదలరు, బస్సెక్కే మనిషి ఒక్కడే కదులుతాడు. జనాన్నంతా గోడతో, చెట్టుతో కలిపి వెనక తెరలో గీసేశాడు. వాళ్ళలోంచి ఒక్కొక్కరే విడివడి బస్సు వైపు నడిచేలా రాశాడు. ఆబిడ్స్ స్టాపు కిటకిటలాడింది.

గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఆ పనికే పోయాయి. అఫ్జల్‌గంజ్ పెద్ద గేటు, గౌలిగూడ, కోఠి కాలేజీ గోడ, ట్రూప్ బజార్ బల్బుల కొట్లు, ఆబిడ్స్, నాంపల్లి స్టేషన్ గడియారం. ఆటోలు అడ్డొస్తాయి, తోపుడుబండ్లు అడ్డొస్తాయి. కుడి బాణం నొక్కితే వేగం, ఎడమది నొక్కితే బ్రేకు, కిందిది నొక్కితే ఫుట్‌పాత్ వారగా ఆగడం. కండక్టరు బెల్లు కోసం తన ఇంటి పూజ గంట మోగించి విని, దానికి దగ్గరగా శబ్దం కట్టాడు. గంట ఒకసారి మోగితే ఆగడం, రెండుసార్లు మోగితే కదలడం. అంతా చిప్పులోకి ఎక్కించి, ఒక పాత క్యాసెట్ డబ్బా విప్పి దాని కడుపులో టంకం వేశాడు. ప్యాడును ఒక చెక్కపీటకు స్క్రూలతో బిగించి, ఒళ్ళో జారకుండా పీట అడుగున రబ్బరు అతికించాడు.

జూన్‌లో తీసుకెళ్ళాడు. ఎర్ర బస్సును చూసి బుచ్చిబాబు ముందుకు వంగాడు. ఆడాడు. ఆటో గుద్దుకుంది. తోపుడుబండి గుద్దుకుంది. 'ఆట ముగిసింది' అని అక్షరాలు వచ్చాయి. ఆయన పీటను పక్కకు నెట్టేశాడు. విసిరికొట్టలేదు, అదొక్కటే ఊరట.

కోటేశ్వరమ్మ ఈసారీ పీట తీసి విజయేందర్ చేతికే ఇచ్చింది.

"స్పీడు ఎక్కువయింది" అన్నాడు విజయేందర్ ఇంటికొచ్చి.

"స్పీడు గాదు," అంది ప్రభావతి. "బస్సుకు గేమ్ ఓవర్ ఏంది? ఆటో అడ్డమొస్తే నిజం బస్సు ఏం జేస్తది? ఆగుతది. హారన్ గొడ్తది. ఆటోవాడు తిడ్తడు. మళ్ళ పోతది."

ఆయన భార్య ముఖం వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆటంటే ఓడిపోవడానికి భయపడుతూ ఆడేదనే ఆయన నమ్మకం. మర్నాడు కూర్చుని 'ఆట ముగిసింది' అన్న మాటను పీకేశాడు. ఇప్పుడు ఏదన్నా అడ్డొస్తే బస్సు ఆగి హారన్ కొడుతుంది. ఎంతసేపైనా ఆగుతుంది, దారి దొరికాక వెళుతుంది. ఎక్కాల్సినవాళ్ళు ఎదురుచూస్తారు.

జులైలో ఒక ఆదివారం ఉదయం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ప్రభావతి కూడా వచ్చింది. బుచ్చిబాబు మొదట చెయ్యి చాపలేదు. హైందవి తాను మొదలుపెట్టి, అఫ్జల్‌గంజ్‌లోనే బస్సును మూడు ఆటోల మధ్య ఇరికించింది. ఆయనకు అది సహించలేదు. ఎడం చేత్తో పీట లాక్కున్నాడు.

బస్సు కదిలింది. ఆయన ఒక ఆటోను దాటించాడు, రెండో ఆటో వెనక ఓపిగ్గా ఆగాడు. గౌలిగూడలో ఒక ముసలమ్మను ఎక్కించుకున్నాడు. టింగ్ టింగ్ అని గంట మోగింది. బయల్దేరాడు. కోఠి ఇంకా రాలేదు, మధ్యలో ఖాళీ రోడ్డు. అక్కడ ఫుట్‌పాత్ వారగా తెచ్చి బస్సును ఆపేశాడు.

ఎవరూ ఎక్కలేదు. ఆయన కదల్లేదు.

విజయేందర్ వేలు ఇరుక్కుందేమో అనుకున్నాడు. "అన్నా, గాడ స్టాప్ లేదు. ముందుకు పోనియ్యి, కోఠి వస్తది."

బుచ్చిబాబు తల అడ్డంగా ఊపాడు. కింది బాణాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కాడు. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. హైందవి కంగారుగా లేచింది. "నాన్నా, వద్దులే, వదిలెయ్..."

"పు..." అన్నాడాయన. "పు... పుత్లీ..."

ఎడం అరచేత్తో పీట మీద కొట్టాడు.

"పుత్లీబౌలి!"

ఏడాదికి దగ్గరగా వస్తోంది, ఆ గొంతు ఆ ఇంట్లో వినబడి. వచ్చింది కండక్టరు గొంతే. పై అంతస్తు దాకా వినబడాల్సిన గొంతు. అంతటితో ఆగలేదు. "పుత్లీబౌలి, కోఠి, ట్రూప్ బజార్, ఆబిడ్స్, నాంపల్లి! రైట్ రైట్!" ఒక మాట ఇంకో మాటను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టు వరసగా వచ్చేశాయి. ఆయనే ఉలిక్కిపడి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

విజయేందర్ తల పట్టుకున్నాడు. "పుత్లీబౌలి స్టాప్ మరిచిపోయిన! ముప్ఫై ఏండ్లు గదే తొవ్వల తిరిగి..."

కోటేశ్వరమ్మ చేతిలో పిండి అంటుకుని ఉండగానే వచ్చి ఆయన ముందు కూర్చుంది. "ఏవండీ, నా పేరు చెప్పండి. నా పేరేవిటి?"

బుచ్చిబాబు ఆమె కళ్ళలోకి చూశాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. "నాంపల్లి" అన్నాడు.

ముందు నవ్వింది కోటేశ్వరమ్మే. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పోనీలెండి, ఆఖరి స్టాపును నేనేగా" అంది. అప్పుడాయన కూడా నవ్వాడు. మూతి ఒక పక్కకే వంగింది గాని, అది పాత నవ్వే.

మాట నేర్పే డాక్టరమ్మకు హైందవి ఈ సంగతి చెప్పింది. వేలసార్లు వరసగా పలికిన మాటలు మిగతా మాటల్లా కాదనీ, ఒక్కోసారి అలా విడిగా మిగిలిపోతాయనీ ఆవిడ చెప్పింది. అద్భుతాలేమీ ఆశించవద్దని కూడా అంది. అద్భుతం జరగలేదు. కాని ఆవిడ ఆ స్టాపుల వరసనే పట్టుకుని పాఠం మొదలుపెట్టింది. వినాయక చవితికి ఆయన నోట 'నీళ్ళు', 'చాలు', 'వద్దు' నిలబడ్డాయి. దీపావళికి 'కోటి' అన్నాడు. ఆమె పేరులో సగం. చిత్రమేమంటే పెళ్ళైన కొత్తలో ఆయన ఆమెను అలాగే పిలిచేవాడట. తరవాత పిల్లలు పుట్టి, అత్తగారు ఇంట్లో ఉండి, ఆ పిలుపు మరుగున పడిందట. ఇది కోటేశ్వరమ్మ ప్రభావతికి ఒక్కదానికే చెప్పింది.

విజయేందర్ పుత్లీబౌలి స్టాపు చేర్చాడు. దాని కోసం చిప్పులో చోటు చాలక, తనకు చాలా ఇష్టమైన మొదటి పేజీ సంగీతాన్ని సగానికి కోసేయాల్సి వచ్చింది. ఆటను ఇంటర్నెట్‌లో, తనకు పాఠం నేర్పినవాళ్ళ మధ్య ఉచితంగా పెట్టాడు. చేతులు సరిగా లేని మనుషుల కోసం చేశానని వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాడు. పోలండ్ నుంచి ఒకాయన, తన తమ్ముడికి ఒకటే చెయ్యి అనీ, ఇద్దరూ కలిసి రోజూ నాంపల్లి వెళ్తున్నామనీ రాశాడు. విజయేందర్ ఆ ఉత్తరాన్ని ఫోన్‌లో పెట్టుకుని, దుకాణానికి వచ్చినవాళ్ళకు చూపించడానికి వారం రోజులు సిగ్గుపడ్డాడు. ఆ తరవాత అందరికీ చూపించాడు.

చలికాలంలో ఒక ఉదయం హైందవి తండ్రిని ఆటోలో ఎక్కించుకుని ఆబిడ్స్ తీసుకొచ్చింది. కాంప్లెక్సు మెట్ల దగ్గర విజయేందర్ స్టూలు వేశాడు. బుచ్చిబాబు కర్ర ఆనించుకుని కూర్చుని, తల ఎత్తి, పై అంతస్తు వైపు చూశాడు. అక్కడిప్పుడు కొరియర్ ఆఫీసు. మనుషులు అట్టపెట్టెలతో దిగుతున్నారు.

"గుర్తుందా అన్నా, గా మెట్ల మీద చెప్పులు? ఒకపారి మీ బూట్లు ఎవడో తొడుక్కపోతే నా స్లిప్పర్ల మీద ఇంటికి పోయిన్రు."

బుచ్చిబాబు తల ఊపాడు. మాట కోసం వెతుక్కున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. సందు చివర రోడ్డు మీద ఒక సిటీ బస్సు ఆగి, జనాన్ని ఎక్కించుకుంటోంది.

"పైన..." అన్నాడు చివరికి. వేలు గాల్లో నిలువుగా రెండు గీతలు గీసింది, మధ్యలో మెలికలు తిరిగి పైకి పోయింది.

విజయేందర్‌కు కాసేపు పట్టింది. "పైన మెట్లా? బస్సుల మెట్లు? పై అంతస్తుకు ఎక్కెటట్టు చెయ్యాల్నా?"

"ఔ" అన్నాడు బుచ్చిబాబు. తెనాలివాళ్ళ ఇంట పుట్టి, ముప్ఫై ఏళ్ళు హైదరాబాదు బస్సులో అన్న 'ఔ' అది.

"అన్నా, అయితదో లేదో తెల్వదు. చిప్పుల జాగ లేదు."

బుచ్చిబాబు ఆ జవాబును లెక్కచేయలేదు. స్టూలు మీద వెనక్కి వాలి, ఎండ వైపు ముఖం తిప్పుకున్నాడు. విజయేందర్ బల్ల కింద నుంచి ప్రభావతి గళ్ళ కాగితాల పుస్తకం తీసి, ఖాళీ పేజీ కోసం తిరగేయడం మొదలుపెట్టాడు.